చాటుగా సాగే పొగాకు: మహిళల ప్రశ్నలకు దంత వైద్యురాలి సమాధానాలు

గత సంచికలో మానని నోటి పుండ్ల గురించి రాసిన తరువాత కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం పట్టణాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంట్లో ఆడవారు వాడే పొగాకు గురించే ఉన్నాయి. చాలామంది పేరు రాయలేదు, రాసినవారు ప్రచురించవద్దని కోరారు. అందుచేత ఊరి పేరు మాత్రమే ఉంచి, ప్రశ్నలను క్లుప్తంగా ఇస్తున్నాను. 2016–17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పదిహేనేళ్ళు, ఆపైన వయసున్న స్త్రీలలో 14.2 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగే స్త్రీలు 2 శాతమే కాగా, నమిలేవారు, పళ్ళకు రాసేవారు, బుగ్గన పెట్టుకొనేవారు 12.8 శాతం ఉన్నారు. పొగ రాదు, వాసన పక్కవారికి అంతగా తెలియదు, కాబట్టి ఒకే కప్పు కింద ఉంటున్న భర్తకూ పిల్లలకూ కూడా ఈ అలవాటు సంగతి ఏళ్ళ తరబడి తెలియకపోవచ్చు. నా దగ్గరకు వచ్చే ఆడవారు ఆలస్యంగా రావడానికి డబ్బు లేకపోవడం కంటే ఈ దాపరికమే పెద్ద కారణమని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న (కాకినాడ, జగన్నాథపురం): మా అత్తగారికి అరవై ఏళ్ళు దాటాయి. ఉప్పాడ వైపు తీర గ్రామం నుంచి కోడలిగా ఈ ఊరు వచ్చారు. చిన్నప్పటి నుంచీ చుట్టను నిప్పు లోపలికి పెట్టుకొని తాగుతారు. ఈ మధ్య కారం తగిలితే అంగిలి మండుతోందంటున్నారు. టార్చి వేసి చూస్తే తెల్లగా ఉండి, మధ్యలో ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఆసుపత్రికి రమ్మంటే, కత్తి తగిలితే జబ్బు పాకుతుందని భయపడుతున్నారు. ఈ వయసులో మానినా ప్రయోజనం ఉంటుందా?

జవాబు: మీ అత్తగారిది అడ్డపొగ అలవాటు. శ్రీకాకుళం నుంచి మన గోదావరి తీరం దాకా, ముఖ్యంగా మత్స్యకార కుటుంబాల్లోనూ కూలిపని చేసుకొనే కుటుంబాల్లోనూ పెద్ద వయసు ఆడవారిలో ఇది తరతరాలుగా ఉంది. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదని, రెండు చేతులా పని చేసుకొంటూ ఉన్నా బూడిద రాలదని, ఒక చుట్ట చాలాసేపు వస్తుందని వారు చెప్పే కారణాలు వారి బతుకులోంచి వచ్చినవే. తల్లిని చూసి కూతురు నేర్చుకొంది తప్ప ఎవరూ సరదాకు మొదలుపెట్టలేదు. ఈ సంగతి ముందుగా చెప్పడం ఎందుకంటే, మీ అత్తగారితో మాట్లాడేటప్పుడు తప్పు చేసిన మనిషితో మాట్లాడుతున్నట్టు కాకుండా మాట్లాడగలిగితే ఆమె వినే అవకాశం ఎక్కువ.

ఇక అంగిలి విషయం. నిప్పు కొన నోట్లో ఉన్నప్పుడు లోపలి గాలి వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా, అంగిలి పొర వేడి 58 డిగ్రీల దాకా వెళ్ళినట్టు కొలిచి చెప్పారు. ఆ వేడికి పొగాకులోని విష రసాయనాలు తోడై, రోజుకు ఎన్నోసార్లు ఒకే చోట తగులుతాయి. అంగిలి మీది లేత గులాబి పొర క్రమంగా మందమెక్కి బూడిద తెలుపుకు తిరుగుతుంది. అందులో లాలాజలం ఊరే చిన్న గ్రంథుల నోళ్ళు వాచి, ఆవగింజంత ఎర్రటి చుక్కలుగా పైకి కనిపిస్తాయి. మీరు టార్చి వెలుగులో చూసినవి బహుశా ఇవే. మామూలుగా చుట్ట తాగేవారిలో ఈ మార్పు అంత ప్రమాదకరం కాదు. అడ్డపొగ తాగేవారి విషయంలో మాత్రం అలా ధీమాగా ఉండడానికి వీల్లేదు. మిగతా జనంలో చాలా అరుదుగా వచ్చే గట్టి అంగిలి (అంగిలిలో ఎముక ఉన్న ముందు భాగం) క్యాన్సరు, అడ్డపొగ అలవాటున్న ప్రాంతాల్లో తరచుగా కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా గ్రామాల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనంలో 43.8 శాతం మందికి అడ్డపొగ అలవాటు ఉన్నట్టు తేలింది. ఆ పరిశోధన జరిగింది అంగిలి మీది ఇలాంటి మచ్చల కోసమే.

తెల్లదనంకన్నా ఎరుపును ఎక్కువగా అనుమానించాలి. విడివిడి చుక్కలు కాకుండా అంగిలి మీద ఎర్రటి మచ్చ పరచుకొని ఉన్నా, పొర పగిలి పుండు పడినా, ఆ పుండు రెండు వారాలు దాటినా మానకపోయినా, గడ్డలా ఉబ్బినా, పై పన్ను కారణం లేకుండా కదిలినా, మెడ పక్కన గట్టిగా బిళ్ళ తగిలినా అదే వారంలో చూపించాలి. కారం తగిలితే మండుతోందన్నారు కాబట్టి మీ అత్తగారి విషయంలో ఇవేవీ లేకపోయినా ఆగవద్దు. కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో దంత విభాగానికి గానీ, చెవి ముక్కు గొంతు విభాగానికి గానీ తీసుకువెళ్ళండి. పన్ను పీకించడానికి అని చెప్పి తీసుకువెళ్ళకండి. అంగిలి చూపించుకోవడానికే అని నిజం చెప్పండి. ఒకసారి మోసపోయినట్టు అనిపిస్తే రెండోసారి ఆమె గడప దాటరు.

కత్తి తగిలితే పాకుతుందన్న భయం మన ప్రాంతంలో చాలా లోతుగా ఉంది. జబ్బు ముదిరిన తరువాత ముక్క తీసి పరీక్షకు పంపినవారు కొద్ది నెలలకే పోవడం చూసి, జనం ఆ రెండింటినీ ముడిపెట్టుకొన్నారు. నిజానికి ముక్క పరీక్ష చిన్న పని: మత్తు సూది ఇచ్చి బియ్యపు గింజకన్నా కాస్త పెద్ద ముక్క తీస్తారు, అవసరమైతే ఒకటి రెండు కుట్లు వేస్తారు, ఆ పూటే ఇంటికి పంపుతారు. దానివల్ల క్యాన్సరు పాకదు. ముక్క తీయకుండా మచ్చను కంటితో చూసి అది ఏమిటో ఏ వైద్యుడూ కచ్చితంగా చెప్పలేడు. ఒకవేళ జబ్బేనని తేలినా, తొలి దశలో చాలామందికి ఒక్క శస్త్రచికిత్సతో సరిపోతుంది. ముదిరితే పై దవడ ఎముకలో భాగం తీసి, ఆ ఖాళీకి కట్టుడు పలక అమర్చి, తరువాత రేడియేషన్ ఇవ్వవలసి వస్తుంది. అర్హులైన కుటుంబాలకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద క్యాన్సరు చికిత్స ఉచితంగా అందుతుంది కాబట్టి ఖర్చు గురించి ముందే భయపడి ఆగిపోకండి.

అరవైలో మానినా ప్రయోజనం ఉంటుందా అన్నారు. తప్పకుండా ఉంటుంది. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని ఏళ్ళ తరబడి వెంబడించిన అధ్యయనం ఒకటి ఉంది. ఇంటింటికీ వెళ్ళి, వారి నోరు వారికే చూపించి, ఓపికగా చెప్పినచోట ఎక్కువమంది మానారు లేదా తగ్గించారు, వారిలో కొత్త మచ్చలు రావడమూ తగ్గింది. మందమెక్కిన పొర కూడా మానిన తరువాత చాలామందిలో తిరిగి పలచబడుతుంది. మీ అత్తగారికి వేసిన టార్చినే ఒక చిన్న అద్దంతో కలిపి ఆమె చేతికి ఇచ్చి, ఆమెనే చూసుకోమనండి. తన అంగిలిని జీవితంలో ఎప్పుడూ చూసుకోని మనిషికి మన పది మాటలకన్నా ఆ చూపు ఎక్కువ చెబుతుంది.

ఇంకొక్క విషయం. చుట్ట తాగకపోతే పొద్దున్నే విరేచనం కాదని ఆమె అనవచ్చు. అది వట్టి సాకు కాదు, నికోటిన్ పేగులను నిజంగానే కదిలిస్తుంది. మానిన మొదటి రెండు మూడు వారాలు మలబద్ధకం ఉంటుందని ముందే చెప్పి, లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు, రాత్రిపూట అరటిపండు, అన్నంలోకి ఆకుకూర ఏర్పాటు చేయండి. ఈ ఒక్క ఇబ్బంది తీర్చకపోవడం వల్ల మళ్ళీ చుట్ట ముట్టించినవారు చాలామంది ఉన్నారు.

ప్రశ్న (రాజమహేంద్రవరం): నేను నాలుగు అపార్టుమెంట్లలో పాచిపని చేస్తాను. వయసు ముప్ఫై నాలుగు. రెండో కాన్పు తరువాత పన్ను పోటు వస్తే పక్కింటి మామ్మగారు ముక్కుపొడుం రాయమన్నారు. పోటు తగ్గింది గానీ ఇప్పుడు రోజుకు అయిదారుసార్లు రాయకపోతే తలనొప్పి, చిరాకు. పొగ తాగడం లేదు కదా, దీనివల్ల కూడా క్యాన్సరు వస్తుందా? ఎలా మానాలి? మా ఆయనకు తెలియదు.

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం రాయడమే మంచి పని చేశారు. పొగ లేకపోయినా ఇది పొగాకే. పొడుంలోని నికోటిన్ చిగురు పొర గుండా నేరుగా రక్తంలోకి ఎక్కుతుంది. అందులోనే ఉన్న నైట్రోసమైన్లు అనే రసాయనాలు క్యాన్సరు కలిగిస్తాయని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. పళ్ళపొడుల్లో, టూత్‌పేస్టుల్లో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. కానీ ముక్కుపొడుంగా అమ్మే డబ్బాను ఇంటికి తెచ్చి పళ్ళకు రాసుకొంటే ఆ నిషేధం ఎవరికీ అడ్డు రాదు.

మొదట పోటు తగ్గిందన్నారు. నికోటిన్ కాసేపు నొప్పి తెలియకుండా చేయగలదు, పన్నులోని పుచ్చును మాత్రం తాకదు. లోపల పుచ్చు పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి ముందుగా ఆ పన్నుకు వైద్యం చేయించుకోండి, లేకపోతే మానిన రెండో రోజునే పోటు మిమ్మల్ని తిరిగి డబ్బా దగ్గరకు తీసుకుపోతుంది. మీ ఉత్తరంలో ఏ వైపు పన్నో రాయలేదు. నా దగ్గరకు వచ్చే పొడుం వాడకందారులలో ఎప్పుడూ రాసే చోట చిగురు కిందికి జారి, పంటి వేరు పసుపుగా బయటపడి, ఎదురుగా ఉన్న పెదవి లోపలి పొర ముడతలు పడి తెల్లగా కనిపిస్తుంది. కింది పెదవిని వేళ్ళతో లాగి వెలుతురులో చూసుకోండి. అలాంటి ముడత కనిపిస్తే పన్నుతో పాటు దాన్ని కూడా వైద్యులకు చూపించండి.

మానే పద్ధతి చెబుతాను. తలనొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదటి వారంలో ఎక్కువగా ఉండి, మూడు నాలుగు వారాలకు చాలావరకు పోతాయి. ఆ రోజులను దాటడానికి నికోటిన్ బిళ్ళ, అంటే చూయింగ్ గమ్ సాయపడుతుంది. రెండు మిల్లీగ్రాముల బిళ్ళ మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది. లేచిన అరగంటలోపే పొడుం రాయకుండా ఉండలేనివారికి నాలుగు మిల్లీగ్రాములది అవసరం కావచ్చు, అది వైద్యులను అడిగి తీసుకోండి. దీన్ని మామూలు బబుల్‌గమ్‌లా నమలకూడదు. నెమ్మదిగా నమిలి, నాలుక చురుక్కుమనగానే ఆపి బుగ్గకు, చిగురుకు మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్ళీ కాస్త నమలాలి. ఇలా అరగంట. టీ, కాఫీ తాగిన వెంటనే పెట్టుకొంటే మందు ఒంటికి సరిగా పట్టదు, పావుగంట ఆగండి. బిళ్ళ వాడుతూ పొడుం కూడా రాయవద్దు. మీరు పాలిస్తున్నా, మళ్ళీ గర్భవతి అయినా, గుండె జబ్బు ఉన్నా ముందు వైద్యుల సలహా తీసుకోవాలి.

పొడుం ఎప్పుడెప్పుడు రాస్తున్నారో రెండు రోజులు గమనించండి. లేవగానే ఒకసారి, రెండో అపార్టుమెంటు నుంచి మూడో దానికి వెళ్ళే దారిలో ఒకసారి, ఆకలి వేసి అన్నం ఆలస్యమైనప్పుడు ఒకసారి అని తేలవచ్చు. ఆకలి చంపుకోవడానికి పొడుం వాడే ఆడవారు పట్టణాల్లో ఎందరో ఉన్నారు. ఇది చెప్పడానికి నాకు బాధగా ఉంది. పొద్దుట ఆరింటికి ఖాళీ కడుపుతో బయలుదేరి మధ్యాహ్నం రెండింటికి అన్నం తినే మనిషిని వట్టి మనోబలంతో మానేయమని చెప్పడం అన్యాయం. ఇంటి నుంచి బయలుదేరేముందు నాలుగు ముద్దల చద్దన్నమైనా తినండి. కొంగున ముడి వేసుకొనే డబ్బా స్థానంలో వేయించిన వేరుశెనగ గుళ్ళు కట్టుకోండి.

మీ ఆయనకు చెప్పాలా వద్దా అన్నది మీ నిర్ణయం. చెప్పినందువల్ల ఇంట్లో గొడవ, దెబ్బ ఎదురవుతాయన్న భయం ఉంటే చెప్పనవసరం లేదు. 1800-11-2356 అనే జాతీయ ఉచిత నంబరుకు ఫోను చేసి మానడానికి సలహా అడగవచ్చు, మీ పేరు ఇంట్లో ఎవరికీ చేరదు.

ప్రశ్న (భీమవరం): నాకు మూడో నెల. వేవిళ్ళు బాగా ఉన్నాయి. జర్దా కిళ్ళీ వేసుకొంటే వాంతి ఆగుతోంది. మా అత్తగారు కూడా తన కాన్పులప్పుడు వేసుకొన్నారట. బిడ్డకు ఏమైనా అవుతుందా?

జవాబు: ఈ రోజు నుంచే మానండి. జర్దాలోని నికోటిన్ బిడ్డకు రక్తం అందించే నాళాలను బిగిస్తుంది. గర్భంతో ఉండి పొగాకు నమిలేవారిలో బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం, నెలలు నిండకుండా కాన్పు కావడం, కడుపులోనే బిడ్డ చనిపోవడం ఎక్కువగా జరుగుతాయి. జర్దా తీసేసి వక్కతో వేసుకొంటానని కూడా అనుకోవద్దు. వక్క ఒక్కటే కూడా క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. ఏళ్ళ తరబడి వక్క నమిలితే బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు మూడు వేళ్ళ మందం కూడా తెరుచుకోని స్థితి వస్తుంది. మీ అత్తగారి కాన్పులు సుఖంగా జరిగి ఉండవచ్చు, అది ఆవిడ అదృష్టం. వేవిళ్ళకు మంచం దిగకముందే గుప్పెడు మరమరాలో, రెండు బిస్కెట్లో తినడం, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం, అల్లం వాడడం మేలు చేస్తాయి. వాటితో తగ్గకపోతే గర్భవతులకు హాని చేయని మాత్రలు ఉన్నాయి, మీ డాక్టరుగారిని అడగండి. కిళ్ళీ అలవాటు ఉన్న సంగతి ఆమెకు దాచకుండా చెప్పండి. కాన్పు తరువాత కూడా నికోటిన్ చనుబాలలోకి వెళుతుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న (అమలాపురం): మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఇరవై మూడేళ్ళు. ఈ-సిగరెట్టు వాడుతోందని తెలిసింది. ఆవిరే కదా, హాని లేదంటోంది. మా పరువు ఏం కావాలి?

జవాబు: అయ్యా, మీ బాధ అర్థమైంది, కానీ పరువు మాటతో మొదలుపెడితే అమ్మాయి ఫోను పెట్టేస్తుంది, అలవాటు మరింత చాటుకు పోతుంది. మీ అబ్బాయి ఇదే పని చేస్తే ఏ భాషలో అడిగేవారో ఆ భాషలోనే అడగండి. అది వట్టి ఆవిరి కాదు. ఎక్కువ వాటిలో నికోటిన్ ఉంటుంది, అది సిగరెట్టులాగే బానిసను చేస్తుంది. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలను మన దేశంలో 2019 చట్టం నిషేధించింది కాబట్టి ఆమె కొంటున్నది దొంగచాటు సరుకు, అందులో ఏం కలిపారో పరీక్షించేవారు లేరు. మానాలనుకొంటే తోడుగా ఉంటానని ఒక్క మాట చెప్పి, సమాధానం కోసం తొందరపెట్టకండి.

ప్రశ్న (రాజమహేంద్రవరం): మా వార్డులో పొదుపు సంఘాలకు ఆర్పీగా, అంటే సంఘాల పనులు చూసే రిసోర్స్ పర్సన్‌గా పనిచేస్తున్నాను. సమావేశంలో పొగాకు అలవాటు ఉన్నవారు చేయి ఎత్తండి అంటే ఒక్కరూ ఎత్తలేదు. కానీ నాకు తెలిసి సగం మందికి ఉంది. ఎలా చెప్పాలి? మా వీధి పాఠశాల గోడ పక్కనే బడ్డీలో ఇవన్నీ అమ్ముతున్నారు, దానికి ఏం చేయాలి?

జవాబు: పదిమందిలో చేయి ఎత్తమంటే ఎవరు ఎత్తుతారమ్మా? పొగాకు మాట పక్కన పెట్టి, ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి, పొద్దున్నే పళ్ళకు ఏం వేసి తోముతారు, పోటు వస్తే ఏం పెడతారు, అన్నం తిన్నాక నోట్లో ఏం వేసుకొంటారు అని అడగండి. సమాధానం దానంతట అదే వస్తుంది. విన్నప్పుడు మీ ముఖంలో అసహ్యం కనిపించకూడదు, ఆ మాట మరొకరి చెవిన పడకూడదు. మన గోదావరి లంకల్లో ఘాటైన చుట్ట పొగాకు పండించారు, ఆ పంట మీదే ఎన్నో కుటుంబాలు బతికాయి, పొగాకు పరిశోధన కోసం కేంద్ర సంస్థ 1947లో మీ ఊళ్ళోనే వెలిసింది. ఇంతగా ఆకుతో అల్లుకొన్న ప్రాంతంలో అలవాటున్న ఆడమనిషిని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

ముప్ఫై ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ రక్తపోటు, మధుమేహంతో పాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష కూడా ప్రభుత్వ కార్యక్రమంలో భాగం. మీ వార్డు ఏఎన్‌ఎంగారితో, ఆశా కార్యకర్తతో మాట్లాడి, పట్టణ ఆరోగ్య కేంద్రంలో సంఘం ఆడవారందరికీ ఒక పూట కేటాయించమని అడగండి. అలవాటు ఉన్నవారిని మాత్రమే పిలిస్తే ఎవరూ రారు, అందరినీ పిలవండి. రాజానగరం, భీమవరం దంత వైద్య కళాశాలల వారిని శిబిరానికి రమ్మని ఉత్తరం రాసి అడిగి చూడండి.

బడ్డీ విషయంలో 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం స్పష్టంగా ఉంది. విద్యా సంస్థకు వంద గజాల లోపల పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదు, పద్దెనిమిదేళ్ళు నిండనివారికి ఎక్కడా అమ్మకూడదు. ఆ కొట్టు నడిపేది కూడా మీ సంఘంలోని ఆడమనిషే అయితే ముందు ఆమెతో మాట్లాడి, సరుకు మార్చుకోవడానికి సంఘం అప్పు ఇప్పించే వీలుందేమో చూడండి. వినకపోతే పాఠశాల ప్రధానోపాధ్యాయులతో కలిసి వార్డు సచివాలయంలోనూ పోలీసు స్టేషనులోనూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం చేయించుకోండి. పరీక్ష పూటను మాత్రం పాచిపనికి వెళ్ళేవారికి వీలుగా మధ్యాహ్నం మూడు తరువాత పెట్టించండి, పొద్దున పెడితే అసలు రావలసినవారే రాలేరు.